ఎనిమిది గంటల తాళం

మా ఇంట్లో ఇంటర్నెట్ రాత్రి ఎనిమిదింటికి ఆగిపోయేది. కరెంటు పోయినట్టు కాదు, ఎవరో చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసినట్టు. టీవీ పైన మేకుకు వేలాడే తెల్ల పెట్టెలో దీపాలు వెలుగుతూనే ఉండేవి. ఫోనులో వైఫై గుర్తు నిండుగానే కనిపించేది. అడిగినది మాత్రం ఏదీ వచ్చేది కాదు.

ఆ పెట్టె మాది కాదు, మా వీధి కేబుల్ ఆపరేటరుది. ఆయన ఆఫీసు రెండు సందుల అవతల ఉంది. అక్కడ కూర్చునే మా పెట్టెలోకి వెళ్లి, మా నాయన కోరిన వేళను అందులో పెట్టాడు. కరోనా కాలంలో చదువులన్నీ తెరల మీదికి మారినప్పుడు, పిల్లల కళ్లు పాడవుతున్నాయని నాయన చేయించిన ఏర్పాటు అది. ఆ తర్వాత కాలేజీలు తెరిచారు. నా డిగ్రీ చివరికి వచ్చింది. అక్క ఒక ఉద్యోగంలో చేరి, దాన్ని పోగొట్టుకుంది కూడా. ఎనిమిది గంటల నియమం మాత్రం కదలలేదు. ఇంకా ఎందుకని అడిగితే, ఉంటే మంచిదే గదా అనేవాడు నాయన. దానికి మించి ఆయన దగ్గర కారణం ఉన్నట్టు నాకు ఎప్పుడూ కనబడలేదు.

మాది పాత వాషర్‌మన్‌పేటలో ఒక పై అంతస్తు ఇల్లు. తాతల నాటి నుంచి ఈ ఊరే. నాయన సౌకార్‌పేటలో ఒక టోకు పాత్రల కొట్టులో లెక్కలు చూస్తాడు. ఉదయం షట్టరు ఎత్తేదీ, సాయంత్రం దించేదీ ఆయనే. కొట్టు తాళాలు యజమాని కొడుకు దగ్గరైనా ఉండవు గానీ మా నాయన దగ్గర ఉంటాయి. ఈ సంగతి నాకు తర్వాత బాగా పనికొచ్చింది. ఇప్పుడు తలచుకుంటే, పనికిరాకుండా ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది.

అక్క పనిచేసిన కంపెనీ ఆమె బృందాన్ని మొత్తంగా తీసేసింది. ఆ తర్వాత నెలల తరబడి అక్క ఇంట్లోనే ఉంది. అయినా ఆఫీసు రోజుల్లో లేచే వేళకే లేచేది, స్నానం చేసి, ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని కుర్చీలో కూర్చునేది. ఎక్కడికమ్మా బయలుదేరావు అని మొదట్లో అమ్మ అడిగేది, తర్వాత మానేసింది. పెళ్లిళ్లకు రావడం అక్క మానేసింది.

అలాంటి రోజుల్లో ఆమెకు ఒక ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూర్చుని, ఎక్కడో విదేశంలో సోఫాలూ మంచాలూ కొనుక్కున్నవాళ్ల ఫిర్యాదులు ఫోనులో వినే పని. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా. కంపెనీ పెట్టిన షరతు ఒకటే. ఇంటి ఇంటర్నెట్ పెట్టె ఉద్యోగి చేతిలోనే ఉండాలి, బయటివాళ్లు దూరం నుంచి అందులోకి రాగలిగితే పనికిరాదు. కంప్యూటరును వైఫైతో కాక నేరుగా వైరుతో దానికి కలపాలి. ఆ అమరికను ఫోటో తీసి వారం లోపల పంపాలి. పంపలేకపోతే ఆ చోటు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. అంటే సొంత మోడెం కొనాలి, ఆపరేటరు పెట్టె దింపాలి, ఎనిమిది గంటల నియమం పోవాలి. ఈ మూడింటికీ నాయన ఒప్పుకోవాలి.

నాయనను ఒప్పించే పని అక్క నాకు అప్పగించింది. కాలేజీలో మూడేళ్లుగా నేను చేసింది అదే కాబట్టి. వాదనా పోటీల్లో మాకు మొట్టమొదట నేర్పేది, అంశం కంటే ముందు న్యాయనిర్ణేతను చదవమని. నేను నమ్మిన వాదన ఒకటుంది. పెరిగిన ఆడపిల్ల వేళలు ఆమెవే, వాటి మీద తాళం తండ్రి వేసినా ఆపరేటరు వేసినా తప్పే. ఆ వాదన మా నాయన ముందు నిలవదని నాకు తెలుసు. అందుకని ఆయన ముందు నిలిచే వాదనను ఎంచుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

“నాయనా, మీ సేటు కొట్టు బీగాలు పక్క కొట్టాయన దగ్గర పెడతాడా?”

“ఎందుకు పెడతాడు?”

“మరి మన ఇంటి బీగం వీధిలో ఉండాది గదా. ఇద్దరు ఆడపిల్లలుండే ఇల్లు. ఎవురు ఏం చూస్తా ఉండారో ఆ కేబుల్ అన్న ఆడ కూర్చోనే చూడొచ్చు.”

నిజంగా చూడగలడో లేదో నాకు తెలియదు. చూడలేడని రుజువు చేసే భారం ఎదుటి పక్షానిదని నా అలవాటు. ఆపరేటరన్న ఆ సమయంలో తన మానాన ఏ స్తంభం దగ్గరో ఉండి ఉంటాడు, తన తరఫున ఒక్క మాట చెప్పుకునే వీలు లేకుండా. నాయన ముద్ద కలపడం ఆపాడు.

“సరి. కొనుక్కోండి. మన చేతిలోనే ఉండాల అది.”

ఆ మాటలో మొదటి సగమే నాకు వినబడింది. అక్క వంటింట్లో గిన్నెలు తోముతూ మొత్తం విన్నది.

“ఉద్యోగం అడిగి రమ్మంటే కప్పు గెలుచుకొని వచ్చినావే,” అంది.

“ఒప్పుకున్నాడు గదా, ఇంకేం కావాల?”

“ఎనిమిది గురించి ఒక్క మాటన్నా వచ్చిందా ఆడ?”

మోడెం వస్తే ఎనిమిది దానంతట అదే పోతుందని చెప్పాను. పని వేళలు నాయనకు ముందే తెలుసు. విని ఏమీ అనలేదు. ఎదుటివాడు ఖండించని అంశాన్ని ఒప్పుకున్నట్టే రాసుకోవడం మా పోటీల్లో పద్ధతి. ఇంట్లోనూ అలాగే రాసుకున్నాను.

మరునాడు ఇద్దరం రిచీ స్ట్రీటుకు వెళ్లాం. వైర్లూ ఛార్జర్లూ గుట్టలు పోసిన ఆ సందుల్లో కేబుల్ మోడెం అని అడిగితే, ప్రతి కొట్టులోనూ ఫైబరు పెట్టెలు తీసి చూపించారు. మా వీధికి ఫైబరు రాలేదని, టీవీకి వచ్చే ఆ నల్లటి లావు తీగలోనే ఇంటర్నెట్ కూడా వస్తుందని చెబితే, ఇంకా అలాంటి వీధులున్నాయా అన్నట్టు చూశారు. చివరికి ఇరుకు మెట్లెక్కి వెళ్లిన ఒక కొట్టులో ఉంది. దుకాణదారు అట్టపెట్టె మీది దుమ్మును చేత్తో తుడిచి, తమిళంలో ఒక హెచ్చరిక చేశాడు. మోడెం బాగానే పనిచేస్తుంది, కాకపోతే దాని అడుగున ఉన్న నంబరును మీ ఆపరేటరు తన దగ్గర నమోదు చేసుకోవాలి, లేదంటే అది అలమరలో పెట్టుకోవడానికే. అక్క నన్ను పర్సు తీయనివ్వలేదు. మెట్రోలో ఇంటికి వచ్చేంతసేపూ ఆ పెట్టెను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. పక్కన సీటు ఖాళీ అయినా అక్కడ పెట్టలేదు.

ఆపరేటరన్న రేపు వస్తా పాపా, సాయంత్రం వస్తా పాపా అంటూ వారంలో సగం గడిపేశాడు. ఫోటో పంపాల్సిన గడువు దగ్గరపడే కొద్దీ అక్క మాటలు తగ్గాయి. చివరికి శుక్రవారం మధ్యాహ్నం స్వయంగా వచ్చాడు. మా కొత్త మోడెంను అటూ ఇటూ తిప్పి చూసి, తన తెల్ల పెట్టెను మేకు నుంచి దించుకున్నాడు. దాని వెనక గోడ మీద సున్నం రంగు తెల్లగా, కొత్తగా ఉంది.

“మీ నాయన అడిగినాడని పెట్టినా గానీ, ఈ వీధిలో ఇంకెవురింటికీ నేను టైం పెట్టలే పాపా,” అన్నాడు. “సరి, ఇంక బీగం నీ చేతిలో ఉండాది. తిట్లు కూడా నీకే.”

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

తీగ బిగించాక మొదటి దీపం నిలకడగా వెలిగింది. రెండోది ఆరుతూ వెలుగుతూ ఎంతకీ కుదురుకోలేదు. ఆయన మేడ మీదికి వెళ్లి, తీగ రెండుగా చీలే చోట పచ్చగా చిలుము పట్టిన అతుకును పట్టుకొచ్చి చూపించాడు. ఒక పక్క సముద్రపు గాలి, ఇంకో పక్క మనలి ఫ్యాక్టరీల పొగ. మా ప్రాంతంలో కిటికీ ఊచలే నాలుగు వానలకు తుప్పు పట్టి పొట్టు రాలుతాయి, అతుకు ఏపాటిది. కొత్తది వేసి, మోడెం నంబరును ఫోనులో ఎవరికో చదివి వినిపించాడు. కాసేపటికి దీపాలన్నీ కుదురుగా నిలిచాయి. ఆయన వెళ్లిపోయాక నేను కంప్యూటరులో మోడెం అమరికల పేజీ తెరిచి, మోడెంతో వచ్చిన పాస్‌వర్డు తీసేసి నాది పెట్టాను. ఇంట్లో ఏ పరికరాన్ని ఏ వేళకు ఆపాలో చెప్పమని అందులో ఒక చోట అడిగింది. అది చదివి, ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్లాను.

అక్క ఫోటో పంపింది. సాయంత్రానికి సరేనని జవాబొచ్చింది. ఆ పూట అక్క మారు అన్నం అడిగి పెట్టించుకుంది. నాయన కొట్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, కొత్త మోడెంను చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

“బీగం నీ దగ్గరేనా?” అని అడిగాడు.

నా దగ్గరే అన్నాను. జాగ్రత్త అని లోపలికి వెళ్లాడు.

ఆదివారం అక్కకు మొదటి రోజు. కొట్టుకు సెలవు కాబట్టి నాయన ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి అక్క చిన్న గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. మా ఇంటి తలుపులు పలచటి చెక్కవి, లోపలి మాట హాలులోకి వినబడుతుంది. పక్కన ఒకరు వింటూ నేర్పుతుండగా నిజమైన కాల్స్ తీసుకుంటోంది. మంచం ఆలస్యమైన ఒకాయన అరుస్తున్నాడని అక్క జవాబులను బట్టి తెలుస్తోంది. నేను చదువుకుంటూ, అక్క ఇంగ్లీషు ఎంత సాఫీగా ఉందో అనుకున్నాను. నాయన పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి వరకూ పేజీ తిప్పలేదు.

ఏడు దాటాక నన్ను పిలిచాడు.

“చిన్నపాపా, దాన్ని ఎనిమిదికి పెట్టు.”

“అక్కకి పదింటిదాకా పని నాయనా.”

“తెలుసు. పెట్టు.”

ముందు ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు ఎలా కాదంటావని అడిగాను. తానేమీ కాదనడం లేదన్నాడు. గొంతు పెంచలేదు.

“ఇంటి బీగం ఇంట్లో ఉండాలని నువ్వే గదా అనింది. వచ్చింది గదా ఇంట్లోకి. ఇప్పుడది ఎవురి మాట మీద తిరగాల?”

ఆయన నిలబడిన మెట్టు నేను కట్టి ఇచ్చిందే. పరాయివాడి చేతిలో తాళం తప్పు అని గెలిచాను. తాళమే తప్పు అని ఎక్కడా అనలేదు. అమ్మ వంటింటి గడపలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఈ పూటకు వద్దు, రేపు మాట్లాడదాం అన్నాను. రేపు అన్నాడు నాయన. తలుపు అవతల అక్క ఎవరికో ధన్యవాదాలు చెబుతోంది.

సోమవారం ఉదయం, నాయన కొట్టుకు వెళ్లాక, మేడ మీద బట్టలు ఆరేస్తూ అక్కకు చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. బకెట్లోంచి చీర తీసి పిండుతూ, అప్పటికే ఆలోచించి పెట్టుకున్నట్టు ఒక ఉపాయం చెప్పింది. ఆ అమరికల పేజీలో తన కంప్యూటరును ఒక్కదాన్ని వదిలి, మిగతా ఫోనులన్నింటినీ ఎనిమిదికి ఆపవచ్చు.

“నాయన ఫోను ఆగితే చాలు, ఊరంతా ఆగిందనుకుంటాడు. చెప్పొద్దు, సుమ్మా ఊరికే చేసేయ్.”

“తలుపు అవతల నువ్వు మాట్లాడేది వినపడదా?”

“రికార్డు చేసిన పాఠం విని పలుకుతా ఉండా అని చెప్తా.”

నేను చేయనన్నాను. ఆపరేటరన్న చేసిన పని కంటే అది హీనం. ఆయన కనీసం ఇంట్లో అందరికీ ఒకేలా ఆపాడు, నాయనకు తెలిసి ఆపాడు. ఇది ఇంట్లో కూర్చుని ఇంట్లోవాళ్లను మోసం చేయడం. అక్క చీరను తీగ మీద వేసి, మడతలు సరిచేసి, నా వైపు తిరిగింది.

“నీ న్యాయానికి బాడుగ నేను కట్టాల్నా?”

అక్క ఉద్యోగం పోతే నాకు పోయేదేమీ లేదు. నేను సూత్రం మీద నిలబడితే కింద పడేది ఆమె. ఆ ఎండలో ఇద్దరం మిగతా బట్టలు ఆరేశాం.

సాయంత్రం దాకా నేను చేసింది వాదనలు పేర్చుకోవడమే. నాయన చెప్పగలిగిన కారణాలన్నీ ఊహించుకున్నాను. కళ్లు పాడవుతాయంటాడు. రాత్రిపూట ఆడపిల్ల ఎవరితోనో మాట్లాడుతోందని కింద ఇంటివాళ్లు అనుకుంటారంటాడు. ఆరోగ్యం అంటాడు. ఒక్కొక్కదానికీ జవాబు సిద్ధం చేసుకున్నాను, జవాబుకు ఆయన చెప్పే జవాబుకు కూడా. అక్కకు ఎనిమిదింటికి భోజన విరామం ఉంటుంది. అంతకు ముందే ఈ మాట తేల్చాలనుకున్నాను.

ఎనిమిదికి కాస్త ముందు నాయన వచ్చి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటుండగా ఎదురుగా నిలబడ్డాను.

“నేను పెట్టను నాయనా. పాస్‌వర్డు నీకిస్తా, నువ్వే పెట్టుకో. ఎందుకో మాత్రం నాకు చెప్పాల.”

ఆయన కూర్చున్నాడు. తువ్వాలు మోకాళ్ల మీద వేసుకుని, దాని అంచును నాలుగు మడతలు వేశాడు, విప్పాడు. కళ్ల గురించి చెప్పలేదు. కింద ఇంటివాళ్ల గురించీ చెప్పలేదు.

“నిన్న ఈడే కూర్చోనుండా గదా. లోపల్నించి ఒకటే సారీ, సారీ అని. ఎవుడికి చెప్తా ఉండాదో, ఇది ఏం తప్పు చేసిందో. నేను పొద్దస్తమానం కొట్లో చెప్పేది అదే గదా పాపా. లోడు లేటైతే నేను, గిన్నె సొట్టపడితే నేను. సేటు కొడుకు నా కండ్ల ముందర నడక నేర్చినోడు, వాడికీ చెప్తా. సరి, అది ఆడ. చెప్పులిడిచి ఈడికొస్తే ఆ మాట వినపడకూడదని గదా నేను కోరుకునింది.”



చిన్న గది తలుపు తెరిచి ఉంది. విరామానికి అక్క ఎప్పుడు బయటికి వచ్చి నిలబడిందో నేను చూడలేదు. చెవులకు పెట్టుకునేది మెడలోకి జారి ఉంది.

“ఆ సారీ నాది కాదు నాయనా,” అంది. “కంపెనీది. వాళ్లు రాసిచ్చింది చదువుతా, అంతే. నాకేం అంటదు.”

“నేనూ అట్లే అనుకుంటా వచ్చినా, తల్లీ.”

అమ్మ వంటింట్లోంచి పిలిచింది, అన్నం చల్లారుతోందని. అక్క నాయన పక్కన కింద కూర్చుంది. ఈ పని తనకు ఎందుకు కావాలో చెప్పింది. గట్టిగా కాదు, నాకు వినబడేంత మాత్రమే. నెలల తరబడి ఇస్త్రీ బట్టల్లో ఆ కుర్చీలో కూర్చోవడం ఎలా ఉండేదో చెప్పింది. ఎవరో అరుస్తుంటే సారీ చెప్పడం దానికంటే తేలిక అంది. నాయన తలూపాడు. అది సరేనన్న ఊపో, విన్నానన్న ఊపో నేను ఈనాటికీ చెప్పలేను. విరామం అయిపోవచ్చింది. అక్క రెండు ముద్దలు మింగి, గదిలోకి వెళ్లే ముందు ఒక పాత దుప్పటిని మడిచి తలుపు కింది సందులో దోపింది.

నాయన నన్ను పాస్‌వర్డు అడగలేదు. మరుసటి రోజు నేను దాన్ని అక్కకు చెప్పేశాను. ఆమె వెంటనే మార్చుకుంది. కొత్తది నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఎనిమిది గంటలు ఇప్పుడు మా ఇంట్లో మామూలుగా గడిచిపోతున్నాయి. అక్క ఉద్యోగం నిలిచింది.

కానీ ఆ రోజు నుంచి పదింటికి అక్క పని ముగించి బయటికి వచ్చేదాకా నాయన తినడం లేదు. ఆయనకు చక్కెర వ్యాధి ఉంది, వేళ తప్పకూడదని డాక్టరు చెప్పాడు. అమ్మ పళ్లెం పెడితే ఆకలి లేదంటాడు. అక్క తన విరామంలో వచ్చి బతిమాలితే, నువ్వు తినేసి పోమ్మా, నేను తర్వాత తింటా అంటాడు. ఇది మామీద కోపంతో చేస్తున్న పని కాదు. కోపమైతే నాకు సులువుగా ఉండేది. టీవీ పెడితే అక్క మాటలకు అడ్డమని దాన్ని ఆపేసి, ఆ కుర్చీలో ఊరికే కూర్చుంటాడు.

నిన్న అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అంది. “ఊరందరితో వాదిస్తావు గదే. ఆ మనిషి చేత ఇన్ని మెతుకులు తినిపించు చూద్దాం.”

పళ్లెం తీసుకెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. చెప్పదగినవి చాలా ఉన్నాయి. డాక్టరు మాట ఉంది. నువ్విలా ఉంటే అక్కకు పనిలో మనసు నిలుస్తుందా అని అడగవచ్చు, దానికి ఆయన కరిగే అవకాశం ఎక్కువ. అలా ఆయనకు తగిన మాటను వెతుక్కుంటున్నానని నాకే తెలిసి, ఏదీ అనలేకపోయాను. తిను నాయనా అని మాత్రం అన్నాను. కొంచెం సేపాగి తింటా అన్నాడు.

దుప్పటి అడ్డం పెట్టాక లోపలి మాటలు విడివిడిగా తెలియవు, అక్క గొంతు సన్నగా పైకీ కిందికీ కదలడం తప్ప. అయినా నాయన ముఖం చూస్తూ కూర్చుంటే, ఆ సారీ మాట ఎక్కడ వచ్చిందో ప్రతిసారీ నాకు తెలిసిపోతోంది.